సైనికుల ఉన్నతవిద్యకు ఆర్థికసహాయం: పథకాలు, పరిమితులు – ఒక వివరణ

వ్యాససంగ్రహం

సైనికులు, మాజీ సైనికులు, వారి కుటుంబసభ్యుల ఉన్నతవిద్యకు ప్రభుత్వం అందించే ఆర్థికసహాయం ఏయే రూపాల్లో ఉంది, దానికి ఎలాంటి పరిమితులున్నాయి అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పిల్లల విద్యాభత్యం, ప్రధానమంత్రి ఉపకారవేతన పథకం, పతాక దినోత్సవ నిధి నుంచి ఇచ్చే విద్యాగ్రాంటు, యుద్ధాల్లో మరణించినవారి పిల్లలకిచ్చే విద్యారాయితీ మొదలైనవాటిని పరిశీలించి, సైనికుడి సొంత చదువుకు వీటిలో ఉన్న చోటు ఎంతో ఇందులో చర్చించాను. అమెరికా సైన్యంలోని బోధనారుసుము సహాయంతో కొంత పోలిక కూడా చేశాను. పైకం మీద విధించిన పరిమితికంటే అర్హత మీద విధించిన పరిమితులే ఎక్కువమందిని చదువుకు దూరంగా ఉంచుతున్నాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: సైనికులు, మాజీ సైనికులు, ఉపకారవేతనం, విద్యారాయితీ, సైనిక సంక్షేమం, అగ్నివీరులు, దూరవిద్య, అమీర్‌పేట.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో అమీర్‌పేట అనగానే తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు మైత్రీవనం పరిసరాలు గుర్తుకువస్తాయి. కంప్యూటరు కోర్సులు, బ్యాంకు పరీక్షలు, పోలీసు నియామకాలు, గ్రూప్స్ వంటివాటికి శిక్షణ ఇచ్చే సంస్థలు, వాటిని ఆనుకుని హాస్టళ్ళు, కర్రీ పాయింట్లు, జిరాక్సు దుకాణాలు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళ మధ్య, ముప్పై అయిదేళ్ళు దాటి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, తరగతికి పది నిమిషాల ముందే వచ్చి కూర్చునేవారు కూడా అప్పుడప్పుడు కనిపిస్తారు. వీరిలో కొందరు సైన్యం నుంచి విరమణ పొంది, రెండో ఉద్యోగం కోసం మళ్ళీ పుస్తకం పట్టినవారు.

అమీర్‌పేట తరువాతి మెట్రో స్టేషను పంజాగుట్ట. పంజాగుట్ట కూడలి దాటి సోమాజిగూడ వైపు రాజ్‌భవన్ దారిలో వెళితే సైనిక్ ఆరామ్‌ఘర్, రాష్ట్ర సైనిక సంక్షేమశాఖ కార్యాలయం కనిపిస్తాయి. సైనిక కుటుంబాలకు విద్యాసహాయం అందాలన్నా, ప్రవేశాల్లో ప్రత్యేకకోటా వర్తించాలన్నా అవసరమైన ధ్రువపత్రాలు సైనిక సంక్షేమ అధికారుల ద్వారానే వస్తాయి. చదువుకునే వీధికీ, చదువుకు సహాయాన్ని ధ్రువీకరించే కార్యాలయానికీ మధ్య దూరం చాలా తక్కువ. అయితే ఆ కార్యాలయం ద్వారా అందే సహాయం ఈ వీధిలో చదివే మాజీ సైనికుడి దాకా ఎంతవరకు వస్తోంది అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం వెతకడమే ఈ వ్యాసంలో చేసిన పని.

తెలుగు ప్రాంతాలకు సైనికసేవ కొత్త కాదు. పశ్చిమగోదావరి ప్రాంతంలోని మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరే స్థిరపడింది. సికింద్రాబాదు, గోల్కొండ ప్రాంతాల్లో సైనికశిక్షణ కేంద్రాలు ఉన్నాయి. పది, ఇంటర్మీడియట్ పూర్తికాగానే సైన్యంలో చేరే గ్రామీణ యువకులకు డిగ్రీ చదువు ఆగిపోయిన చోటే ఉండిపోతుంది. దానిని తిరిగి అందుకునే దారులను, ఆ దారుల్లో ఉన్న అడ్డంకులను తెలుగులో ఒకచోట వివరించవలసిన అవసరం ఉంది.

2. సహాయాన్ని సూచించే మాటలు

ఈ పథకాలను పరిశీలించేముందు వాటి పేర్లలోని మాటలను గమనించడం మేలు. ఒక్కొక్క మాట ఒక్కొక్క సంబంధాన్ని సూచిస్తుంది.

'భత్యం' ఉద్యోగసంబంధమైన మాట. జీతంతోపాటు ఒక నిర్దిష్టమైన ఖర్చుకోసం ఇచ్చేది భత్యం. వాడుకలో 'బత్తెం' అంటే కూలికో ప్రయాణానికో వెళ్ళినవారికి ఇచ్చే తిండిఖర్చు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో 'బత్తా' పేరుతో ఇచ్చిన అదనపు పైకానికి కోత పెట్టినందుకు 1766లో బెంగాలులోని ఆంగ్లేయ అధికారులు మూకుమ్మడిగా రాజీనామాలకు సిద్ధపడ్డారు. భత్యం పుచ్చుకునేవాడు దానిని తనకు రావలసినదిగా భావిస్తాడు.

'రాయితీ' ఉర్దూలోని 'రియాయత్' నుంచి వచ్చిన మాట. కట్టవలసినదానిలో తగ్గింపు ఇవ్వడం, పట్టువిడుపుగా వ్యవహరించడం దాని అర్థం. 'ఉపకారవేతనం' అనే సమాసంలో ఉపకారం, వేతనం రెండూ ఉన్నాయి. ఉపకారం చేసేవారి దయ, వేతనం పనిచేసినవారి హక్కు. ఈ రెండు భావాల మధ్య ఊగిసలాట ఆ సమాసంలోనే కాక పథకాల నిబంధనల్లో కూడా కనిపిస్తుంది. 'గ్రాంటు' పూర్తిగా మంజూరు చేసేవారి ఇష్టానికి, నిధి లభ్యతకు లోబడినది.

సైనికుల విద్యాసహాయంలో ఈ నాలుగు రకాలూ ఉన్నాయి. ఏ పథకం ఏ కోవకు చెందుతుందో తెలిస్తే దాని పరిమితులు ఎందుకు అలా ఉన్నాయో అర్థంచేసుకోవడం సులభమవుతుంది.

3. కుటుంబానికి అందే సహాయం

3.1 పిల్లల విద్యాభత్యం

సర్వీసులో ఉన్న సైనికులకు, ఇతర కేంద్రప్రభుత్వ ఉద్యోగుల మాదిరిగానే, పిల్లల విద్యాభత్యం లభిస్తుంది. ఏడవ వేతనసంఘం సిఫార్సుల తరువాత ఇది ఒక్కొక్కరికి నెలకు రూ. 2,250గా ఉండేది. కరువుభత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి 1 నుంచి రూ. 2,812.50 అయింది. సాధారణంగా ఇద్దరు పిల్లలకే ఇది వర్తిస్తుంది. ఇది భత్యం కాబట్టి పోటీ లేదు, మార్కుల షరతు లేదు. అయితే ఇది ప్రధానంగా పన్నెండో తరగతి వరకే. అంటే డిగ్రీ చదువు మొదలయ్యే చోట ఈ భత్యం ఆగిపోతుంది.

3.2 ప్రధానమంత్రి ఉపకారవేతన పథకం

పన్నెండో తరగతి తరువాతి చదువుకు ముఖ్యమైన ఆధారం 2006-07లో మొదలైన ప్రధానమంత్రి ఉపకారవేతన పథకం. మాజీ సైనికులు, తీరరక్షక దళం నుంచి విరమణ పొందినవారి పిల్లలకు, వితంతువులకు ఇది వర్తిస్తుంది. నిధులు జాతీయ రక్షణనిధి నుంచి వస్తాయి. నిర్వహణ రక్షణ మంత్రిత్వశాఖ పరిధిలోని కేంద్రీయ సైనిక్ బోర్డుది. ఏటా దేశమంతటికీ కలిపి 5,500 మందిని కొత్తగా ఎంపికచేస్తారు. అందులో సగం బాలికలకు, సగం బాలురకు. 2019లో నెలసరి మొత్తాన్ని బాలికలకు రూ. 2,250 నుంచి రూ. 3,000కు, బాలురకు రూ. 2,000 నుంచి రూ. 2,500కు పెంచారు.

దీని పరిమితులు ఇవి: మొదటిది, అర్హత పరీక్షలో కనీసం 60 శాతం మార్కులుండాలి, కోర్సులో చేరిన తరువాత కూడా ఏటా నిర్ణీత మార్కులతో ఉత్తీర్ణత సాధించాలి. రెండోది, ఇంజనీరింగు, వైద్యం, ఫార్మసీ, బి.ఎడ్., బి.బి.ఎ., బి.సి.ఎ. వంటి వృత్తివిద్యా కోర్సులకే ఇది పరిమితం. పోస్టుగ్రాడ్యుయేషనులో ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. తప్ప మిగిలినవాటికి వర్తించదు. మూడోది, దూరవిద్యలో చదివేవారికి, విదేశాల్లో చదివేవారికి వర్తించదు. నాలుగోది, అర్హులందరికీ కాక, యుద్ధంలో మరణించినవారి పిల్లలతో మొదలయ్యే ప్రాధాన్యక్రమంలో, ఉన్న సంఖ్య మేరకే ఇస్తారు.

పైకం విలువను ఒక లెక్కతో చూడవచ్చు. బి.టెక్. చదివే అమ్మాయికి ఈ పథకంలో ఏడాదికి రూ. 36,000, నాలుగేళ్ళకు రూ. 1,44,000 వస్తుంది. హైదరాబాదు పరిసరాల్లో ఏడాదికి లక్షన్నర రూపాయల ట్యూషను ఫీజు ఉన్న ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. అలాంటి చోట చేరితే ఉపకారవేతనం ఫీజులో నాలుగో వంతుకు కూడా సరిపోదు. అబ్బాయికైతే ఏడాదికి వచ్చే రూ. 30,000 సరిగ్గా అయిదో వంతు. హాస్టలు, పుస్తకాలు, రవాణా ఖర్చులు దీనికి అదనం.

3.3 పతాక దినోత్సవ నిధి నుంచి విద్యాగ్రాంటు

ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు పాఠశాలల్లో, కార్యాలయాల్లో చిన్న జెండాలు పంచి విరాళాలు సేకరించడం మనకు తెలిసినదే. ఈ నిధి నుంచి హవల్దారు, అంతకంటే తక్కువ హోదాలో విరమణ పొందినవారి పిల్లలకు విద్యాగ్రాంటు ఇస్తారు. ఇద్దరు పిల్లలకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఇది వర్తిస్తుంది. రెండేళ్ళ పోస్టుగ్రాడ్యుయేషను చదివే వితంతువులకు కూడా అవకాశం ఉంది. చాలాకాలం ఒక్కొక్కరికి నెలకు రూ. 1,000గా ఉన్న ఈ గ్రాంటును 2025 అక్టోబరులో రూ. 2,000కు పెంచారు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి వచ్చిన దరఖాస్తులకు పెంపు వర్తిస్తుంది.

ప్రధానమంత్రి ఉపకారవేతనంలో లేని ఒక సౌలభ్యం ఇందులో ఉంది. సాధారణ బి.ఎ., బి.కాం. చదివే పిల్లలు కూడా దీని పరిధిలోకి వస్తారు. కాని ఇక్కడి పరిమితి హోదా. నాయబ్ సుబేదారు మొదలుకొని పైహోదాల్లో విరమణ పొందినవారికి ఇది లేదు.

3.4 సీటు వేరు, ఫీజు వేరు

తెలంగాణ ఇంజనీరింగు ప్రవేశాల్లో సైనికోద్యోగుల పిల్లల కోటా కింద 2 శాతం సీట్లు కేటాయిస్తారు. దీనిని వాడుకలో 'క్యాప్ కోటా' అంటారు. చాలామంది తల్లిదండ్రులు ఈ కోటాలో సీటు వస్తే ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుందని భావిస్తారు. ఆ రెండింటికీ సంబంధం లేదు. కోటా ప్రవేశానికి సంబంధించినది. ఫీజు రీయింబర్స్‌మెంటు కుటుంబ ఆదాయం, సామాజికవర్గం తదితర షరతులను బట్టి వచ్చే వేరే పథకం. ఈ తేడా ముందుగా తెలియకపోతే, సీటు ఖరారైన తరువాత ఫీజు కట్టే గడువులోగా డబ్బు సమకూర్చుకోలేక కుటుంబం ఇబ్బందిపడే ప్రమాదం ఉంది.

4. పదివేల రూపాయల పరిమితి: 2017–18 అనుభవం

విద్యాసహాయంపై పరిమితి దేశవ్యాప్త చర్చకు దారితీసిన సందర్భం ఒకటి ఉంది. 1971 యుద్ధం తరువాత, ఆ యుద్ధంలో మరణించిన, గల్లంతైన, శాశ్వతంగా అంగవైకల్యం పొందిన సైనికుల పిల్లలకు ట్యూషను ఫీజు, హాస్టలు ఖర్చు మొదలైనవి పూర్తిగా భరించే విద్యారాయితీని కేంద్రప్రభుత్వం ప్రకటించింది. తరువాతి కాలంలో శ్రీలంకలోని ఆపరేషన్ పవన్, సియాచిన్‌లోని ఆపరేషన్ మేఘదూత్ వంటి చర్యల్లో నష్టపోయిన కుటుంబాలకు కూడా దీనిని విస్తరించారు. సుమారు నాలుగున్నర దశాబ్దాలు ఈ రాయితీకి పైకం పరిమితి లేదు.

ఏడవ వేతనసంఘం సిఫార్సుల అమలులో భాగంగా 2017 సెప్టెంబరు 13న రక్షణ మంత్రిత్వశాఖ ఒక ఉత్తర్వు జారీచేసింది. దాని ప్రకారం ట్యూషను ఫీజు, హాస్టలు ఖర్చు రెండూ కలిపి నెలకు రూ. 10,000 మించకూడదు. అంటే ఏడాదికి రూ. 1,20,000. పాఠశాల విద్యార్థుల్లో చాలామందికి ఈ పరిమితి సరిపోతుంది. వృత్తివిద్యా కళాశాలలో చేరి హాస్టల్లో ఉండే విద్యార్థికి సరిపోదు. అంటే తండ్రిని కోల్పోయిన పిల్లల్లో పెద్ద చదువుకు చేరుకున్నవారిపైనే ఈ భారం పడింది.

దీనిపై అప్పటి నౌకాదళాధిపతి, త్రివిధ దళాధిపతుల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న అడ్మిరల్ సునీల్ లాంబా రక్షణమంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాసి, పరిమితిని తొలగించాలని కోరారు. పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి. పరిమితివల్ల ఏటా మిగిలేది మూడు నాలుగు కోట్ల రూపాయలేనన్న అంచనాలు పత్రికల్లో వెలువడ్డాయి. చివరికి 2018 మార్చిలో ప్రభుత్వం పదివేల పరిమితిని తొలగించింది. అయితే ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక విద్యాసంస్థలు, సైనిక పాఠశాలలు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల గుర్తింపు పొందిన సంస్థల్లో చదివేవారికే రాయితీ వర్తిస్తుందని స్పష్టంచేసింది.

ఈ సంఘటనలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, పరిమితి అంకెల్లో ఉంది కాబట్టి అది అందరికీ అర్థమైంది. దానిని ఎవరైనా ఒక్క వాక్యంలో ప్రశ్నించగలిగారు. అందువల్లనే ఆరునెలల్లో అది తొలగిపోయింది. రెండోది, పైకం మీద పరిమితి పోయినా ఏ సంస్థలో చదవాలన్న షరతు నిలిచింది. అంకెల్లో లేని అలాంటి షరతులపై ఇంత చర్చ సాధారణంగా జరగదు.

5. సైనికుడి సొంత చదువు

ఇంతవరకు చెప్పిన పథకాలన్నిటిలో లబ్ధిదారులు పిల్లలు, వితంతువులు. సైనికుడు తాను డిగ్రీ చదవాలనుకుంటే ఏమిటన్నది ఇప్పుడు పరిశీలించాలి.

5.1 అధికారి, జవాను

జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ పూర్తిచేసేవారికి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పట్టా లభిస్తుంది. అంటే ఆ మార్గంలో వచ్చే అధికారి సర్వీసు మొదలుపెట్టేనాటికే పట్టభద్రుడు. అతని చదువు ఖర్చు శిక్షణలో భాగంగా ప్రభుత్వానిదే. జవానుగా చేరేవాడు పది, పన్నెండు తరగతుల చదువుతో చేరి సరిహద్దుల్లో పనిచేస్తూ, వీలైతే సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పేరు నమోదుచేసుకుంటాడు. రెండు మూడేళ్ళకొకసారి బదిలీలు, సెలవులతో కుదరని పరీక్షతేదీలు, నెట్‌వర్కు లేని స్థావరాలు అతని చదువుకు సహజమైన ఆటంకాలు. ఈ పరిస్థితిలో అతనికి అందుబాటులో ఉండేది దూరవిద్య ఒక్కటే.

ఈ విషయంలో తెలుగునేలకు ఒక ప్రత్యేకత ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తెలుగులో డిగ్రీ పాఠ్యపుస్తకాలు అందుకుని, ఉద్యోగం చేస్తూ చదవగలిగే సదుపాయాన్ని అది కల్పించింది. అయితే చదువుకునే మార్గం ఉన్నా దాని ఖర్చుకు ఆసరా లేదు. సర్వీసులో ఉన్న జవాను డిగ్రీ ఫీజును లెక్కగట్టి చెల్లించే సార్వత్రిక పథకం మన దేశంలో లేదు. మరోవైపు, ప్రధానమంత్రి ఉపకారవేతనం దూరవిద్యను మినహాయించింది.

5.2 పునరావాస శిక్షణ

విరమణకు సమీపించిన సైనికులకు పునరావాస డైరెక్టరేట్ జనరల్ వృత్తిశిక్షణ కోర్సులు నిర్వహిస్తుంది. జవాన్లకు, జూనియర్ కమిషన్డ్ అధికారులకు కోర్సు ఫీజు పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుంది. అధికారులు 40 శాతం చెల్లించాలి. సైనికుడి పేరుమీద నేరుగా ఖర్చుపెట్టే సహాయంగా ఇది విలువైనది. కాని ఇవి కొన్ని వారాలు, కొన్ని నెలలపాటు సాగే కోర్సులు. వీటివల్ల వచ్చేది ధ్రువపత్రం, డిగ్రీ కాదు.

5.3 పదిహేనేళ్ళ సర్వీసు: పట్టా లేని పట్టభద్రత

డిగ్రీ లేని మాజీ సైనికుడి సమస్యను ప్రభుత్వం మరో పద్ధతిలో పరిష్కరించే ప్రయత్నం చేసింది. పదో తరగతి ఉత్తీర్ణుడై, సైన్యపు ప్రత్యేక విద్యాధ్రువపత్రం గాని, నౌకా, వైమానిక దళాల్లో దానికి సమానమైనది గాని పొంది, 15 ఏళ్ళకు తక్కువకాకుండా సర్వీసు చేసినవారిని, డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూపు-సి కేంద్ర ఉద్యోగాలకు అర్హులుగా పరిగణిస్తారు. సాంకేతిక, వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని ఉద్యోగాలకే ఇది వర్తిస్తుంది. గ్రూపు-సి నియామకాల్లో మాజీ సైనికులకు 10 శాతం, బ్యాంకుల గుమాస్తా ఉద్యోగాల్లో 14.5 శాతం రిజర్వేషను ఉంది.

ఇది నిస్సందేహంగా మేలు చేసే నిబంధన. అయితే దీని స్వరూపాన్ని సరిగా గ్రహించాలి. ఇది కొన్ని ఉద్యోగాల అర్హతకోసం చేసిన సమానీకరణమే కాని విశ్వవిద్యాలయ పట్టా కాదు. ఎం.ఎ. ప్రవేశానికో బి.ఎడ్. ప్రవేశానికో ఇది డిగ్రీకి బదులుగా నిలవదు. డిగ్రీ తప్పనిసరి అయిన సివిల్ సర్వీసుల పరీక్షకు కూడా అంతే. ఉపాధ్యాయుడు కావాలన్న మాజీ జవాను మళ్ళీ డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టవలసిందే. అమీర్‌పేట శిక్షణతరగతుల్లో చేరేవారి విషయం ఇంకొకటి. విద్యాభత్యం, ఉపకారవేతనం, విద్యాగ్రాంటు ఈ మూడింటిలో ఏదీ పోటీపరీక్షల శిక్షణరుసుమును, హాస్టలు అద్దెను లెక్కలోకి తీసుకోదు. ఆ ఖర్చు పింఛను నుంచో, విరమణ సమయంలో చేతికొచ్చిన సొమ్ము నుంచో పెట్టుకోవాలి. ఆ సొమ్ము మీదనే ఇంటి నిర్మాణం, పిల్లల ఫీజు కూడా ఆధారపడి ఉంటాయి.

5.4 అగ్నివీరులు

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంతో ఈ చర్చ కొత్త మలుపు తిరిగింది. ఈ పథకంలో చేరినవారి సర్వీసు నాలుగేళ్ళు. ఒక్కొక్క బృందంలో 25 శాతం వరకు శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారు వెనుదిరుగుతారు. వారికి పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. నాలుగేళ్ళపాటు జీతంలో 30 శాతం జమచేసి, దానికి ప్రభుత్వం అంతే కలిపి, వడ్డీతో సుమారు రూ. 11.71 లక్షలు 'సేవానిధి'గా చేతికిస్తారు.

చదువు విషయంలో రెండు ఏర్పాట్లు ప్రకటించారు. పదో తరగతితో చేరినవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పన్నెండో తరగతికి సమానమైన ధ్రువపత్రం ఒకటి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా మూడేళ్ళ నైపుణ్యాధారిత డిగ్రీ రెండోది. ఈ డిగ్రీకి అవసరమైన క్రెడిట్లలో 50 శాతం సైనికశిక్షణలో పొందిన నైపుణ్యాలనుంచి, మిగిలిన 50 శాతం విశ్వవిద్యాలయం అందించే పాఠ్యాంశాలనుంచి వస్తాయి. సైనికుడి పనినే చదువులో భాగంగా గుర్తించిన ఈ ఆలోచన మెచ్చుకోదగినది.

కాని పైన చెప్పిన నిబంధనలను దీని పక్కన పెట్టి చూస్తే చిక్కు తెలుస్తుంది. నాలుగేళ్ళ సర్వీసు పదిహేనేళ్ళ నిబంధనకు చాలదు. మాజీ సైనికుడి హోదా లేకపోవడంతో, ఆ హోదా మీద ఆధారపడిన ఉపకారవేతనాల పరిధిలోకి భవిష్యత్తులో వారి పిల్లలు రారు. చదువుకోవలసిన అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న వయసులో, అంటే ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదేళ్ళ మధ్య, వీరు బయటికి వస్తారు. చేతిలో ఉన్న సేవానిధి చదువుకు వాడుకోవచ్చు. కాని చదువుకోసమే కేటాయించినది కాదు కాబట్టి అప్పులు, చెల్లెలి పెళ్ళి, వ్యవసాయఖర్చుల తరువాతనే దాని వంతు వచ్చే అవకాశం ఉంది. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు చేరిన మొదటి బృందాలకు 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్ళు నిండుతాయి. అమీర్‌పేట తరగతిగదులకు వారిలో కొందరైనా రావడం సహజం.

6. అమెరికా పద్ధతితో పోలిక

అమెరికాలో సైనికుడి చదువును ప్రభుత్వ బాధ్యతగా గుర్తించిన ప్రధాన చట్టం 1944లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చినవారి కళాశాల చదువుకు అది దారి వేసింది. ప్రస్తుతం అక్కడ రెండు వేర్వేరు సహాయాలున్నాయి. సర్వీసులో ఉండగా డిగ్రీ చదివేవారికి బోధనారుసుము సహాయం ఒకటి. సర్వీసు ఆధారంగా సాధారణంగా 36 నెలల చదువుకు వచ్చే ప్రయోజనం రెండోది. ఈ రెండోదానిని నిర్ణీత సర్వీసు షరతులతో భార్యకో పిల్లలకో బదిలీ చేయవచ్చు.

మొదటి సహాయానికీ కచ్చితమైన పరిమితులున్నాయి. సెమిస్టరు క్రెడిటుకు 250 డాలర్లు, ఏడాదికి 4,500 డాలర్లు గరిష్ఠం. అంటే ఏడాదికి 18 క్రెడిట్లు. సాధారణంగా బ్యాచిలర్ డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. ఈ సహాయం ఒక్కదానిమీదే ఆధారపడితే నాలుగేళ్ళ డిగ్రీకి ఆరున్నరేళ్ళకు పైగా పడుతుంది. తగిన గ్రేడు రాకపోతే సొమ్ము తిరిగి చెల్లించాలి. ఈ సహాయం పొందిన అధికారులు అదనంగా రెండేళ్ళు సర్వీసు చేయాలి. పైగా ఇది బడ్జెటుకు లోబడినది. 2013 మార్చిలో వ్యయకోతల వల్ల అక్కడి సైన్యం ఈ సహాయాన్ని నిలిపివేసింది. తీవ్రమైన నిరసన రావడంతో అక్కడి చట్టసభ కొద్దివారాల్లోనే పునరుద్ధరింపజేసింది.

పోలికలో తేలే విషయం పైకం పరిమాణం కాదు. రెండు దేశాల ఆర్థికస్థితులు వేరు. అక్కడ సహాయం సైనికుడితో మొదలై, అతడు కోరుకుంటే కుటుంబానికి చేరుతుంది. ఇక్కడ అది కుటుంబంతో మొదలై కుటుంబంతోనే ముగుస్తుంది. అక్కడ సైనికుడు విద్యార్థి. ఇక్కడ అతడు విద్యార్థి తండ్రి. మన పథకాల్లో 'ఉపకారం' అనే భావన ప్రధానం కావడానికి ఇదొక కారణంగా చెప్పవచ్చు. నష్టపోయిన కుటుంబాన్ని ఆదుకోవడం వాటి మూలోద్దేశం. అది గౌరవించదగినదే. సైనికుడి సొంత చదువు మాత్రం ఆ ఉద్దేశంలో ఇమడలేదు.

7. పరిమితుల స్వభావం

పై పరిశీలనను బట్టి ఈ పరిమితులను అయిదు విధాలుగా వర్గీకరించవచ్చు. 'ఎంత' అన్నది పైకం పరిమితి. 'ఎవరికి' అన్నది హోదాకు, బంధుత్వానికి సంబంధించినది. 'ఏ చదువు' అన్నది కోర్సుకు, దూరవిద్య మినహాయింపుకు సంబంధించినది. 'ఎక్కడ' అన్నది విద్యాసంస్థ గుర్తింపు. 'ఎన్నాళ్ళ సర్వీసు' అన్నది కాలపరిమితి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో వీటి ప్రభావాన్ని చూద్దాం. పదిహేడేళ్ళ సర్వీసు తరువాత నాయక్‌గా విరమణ పొందిన ఒక వ్యక్తి అమీర్‌పేటలో ఉంటూ బ్యాంకు పరీక్షకు తయారవుతున్నాడు, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదువుతున్నాడు అనుకుందాం. అతని కూతురు బి.టెక్. చదువుతోంది, కొడుకు దూరవిద్యలో బి.కాం. చదువుతున్నాడు. కూతురికి మార్కులు, ప్రాధాన్యక్రమం కలిసివస్తే ఉపకారవేతనం వస్తుంది. కొడుకుకు దూరవిద్య కారణంగా ఆ ఉపకారవేతనం రాదు. తండ్రి చదువు ఏ పథకంలోనూ లేదు. ఇక్కడ ఉపకారవేతనం మొత్తాన్ని రెట్టింపు చేసినా కూతురికి ఊరట కలుగుతుందే కాని తండ్రీకొడుకుల పరిస్థితి మారదు. పైకం పరిమితి సహాయాన్ని తగ్గిస్తుంది. అర్హత పరిమితి సహాయాన్ని అసలు రానివ్వదు. మొదటిదానిపై 2017లో దేశమంతా మాట్లాడింది. రెండోదానిపై అంతటి చర్చ ఇంకా జరగవలసి ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• సైనికులకు సంబంధించిన విద్యాసహాయం మన దేశంలో ప్రధానంగా పిల్లలకు, వితంతువులకు ఉద్దేశించినది. సైనికుడి సొంత డిగ్రీ చదువుకు ఫీజు సహాయం చేసే సార్వత్రిక పథకం లేదు.

• పిల్లల విద్యాభత్యం ప్రధానంగా పన్నెండో తరగతితో ముగుస్తుంది. ఆ తరువాత భత్యం స్థానంలో పోటీతో కూడిన ఉపకారవేతనం, నిధికి లోబడిన గ్రాంటు వస్తాయి.

• ప్రధానమంత్రి ఉపకారవేతనంలో 2019లో నిర్ణయించిన మొత్తం ఇప్పటి వృత్తివిద్యా ఫీజుల్లో కొద్దిభాగమే. దీనిని విద్యాభత్యం మాదిరిగా ధరల పెరుగుదలతో ముడిపెట్టడం అవసరం.

• దూరవిద్యను మినహాయించడం సైనికజీవితపు స్వభావానికి పొసగని నిబంధన. కనీసం మాజీ సైనికుల, వితంతువుల విషయంలో దీనిని సడలించడం సమంజసం.

• పదిహేనేళ్ళ సర్వీసుకు ఇచ్చే సమానీకరణం ఉద్యోగానికే గాని పైచదువుకు ఉపయోగపడదు. సర్వీసులో పొందిన శిక్షణకు క్రెడిట్లు ఇచ్చే పద్ధతిని అగ్నివీరులకే కాక, డిగ్రీ లేకుండా విరమణ పొందిన పాతతరం జవాన్లకు కూడా విస్తరించవచ్చు.

• నాలుగేళ్ళ సర్వీసుతో వెనుదిరిగే అగ్నివీరులు పాత నిబంధనల్లో దేనిలోనూ సరిగా ఇమడరు. మొదటి బృందాల సర్వీసు ముగిసే కాలానికి వారి చదువుకోసం ప్రత్యేక నిబంధనలు ఏర్పడవలసి ఉంది.

సార్వత్రిక విశ్వవిద్యాలయాల అధ్యయనకేంద్రాల్లో పనిచేసే అధ్యాపకులు, జిల్లాల సైనిక సంక్షేమ కార్యాలయాలు ఈ పథకాల అర్హతలను, ముఖ్యంగా ఎవరికి వర్తించవన్న విషయాన్ని, తెలుగులో ఒక్క పుటలో రాసి అందుబాటులో ఉంచితే చాలామందికి ఉపయోగపడుతుంది. ఫీజు కట్టకముందే ఏ సహాయం వస్తుందో, ఏది రాదో తెలుసుకోగలిగిన విద్యార్థి, అతడు పద్దెనిమిదేళ్ళవాడైనా నలభై ఏళ్ళ మాజీ సైనికుడైనా, తన చదువును నిబ్బరంగా నిర్ణయించుకోగలుగుతాడు.